'సిన్స్' ఎక్కడ, 'ఫర్' ఎక్కడ? చిక్కంతా మన 'నుంచి'లోనే ఉంది

ప్రశ్న: మాదాపూర్‌లో ఒక కంపెనీలో మూడేళ్ళ నుంచి పనిచేస్తున్నాను. ఈమధ్య వేరే కంపెనీ ఇంటర్వ్యూలో 'ఐ యామ్ వర్కింగ్ దేర్ సిన్స్ త్రీ ఇయర్స్' అన్నాను. ప్యానెల్‌లో ఒకాయన 'ఫర్ త్రీ ఇయర్స్' అనాలని సరిదిద్దారు. ఆ తర్వాత టెన్షన్‌తో సరిగ్గా మాట్లాడలేకపోయాను. 'సిన్స్' అంటే 'నుంచి' అనే కదా? 'కాబట్టి' అనే అర్థం కూడా ఉందంటున్నారు. అసలు ఈ మాటకి ఎన్ని అర్థాలు? ఎక్కడ ఏది వాడాలి?

జవాబు:

ముందుగా ఒక మాట. మీరన్న వాక్యం అక్కడున్న వాళ్ళందరికీ అర్థమైంది. అర్థం కాకపోతే ఆయన సరిదిద్దగలిగేవారే కాదు. కాబట్టి మీకు ఇంగ్లీష్ రాదనే బెంగ ఏమీ పెట్టుకోకండి. నేను అమీర్‌పేటలో చాలా ఏళ్ళుగా స్పోకెన్ ఇంగ్లీష్ చెబుతున్నాను. కొత్తగా వచ్చే ప్రతి బ్యాచ్‌లోనూ ఈ వాక్యం వినిపిస్తుంది. ఇంజనీర్లు, నర్సులు, బ్యాంకు ఉద్యోగులు, కొందరు టీచర్లు కూడా ఇలాగే అంటారు. ఇంతమంది ఒకేచోట తడబడుతున్నారంటే దానికి కారణం అజాగ్రత్త కాదు, మన భాష.

మనం 'సోమవారం నుంచి జ్వరం' అంటాం, 'మూడు రోజుల నుంచి జ్వరం' అని కూడా అంటాం. మొదటిది జ్వరం మొదలైన రోజు చెబుతోంది. రెండోది ఎంతకాలంగా ఉందో చెబుతోంది. తెలుగులో రెండింటికీ 'నుంచి' సరిపోతుంది. ఇంగ్లీష్‌లో అలా కుదరదు. మొదలైన ఘడియ చెబితే 'సిన్స్', గడిచిన కాలం కొలత చెబితే 'ఫర్'. 'ఫీవర్ సిన్స్ మండే', 'ఫీవర్ ఫర్ త్రీ డేస్'.

హైదరాబాద్‌లో ఈ అలవాటు ఇంకా గట్టిగా పాతుకుపోవడానికి మరో కారణం ఉంది. తెలంగాణ మాటలో 'సోమవారం సంది', 'మూడు దినాల సంది' అంటారు. ఆ 'సంది' కూడా రెండు పనులూ చేస్తుంది. పాతబస్తీ ఉర్దూలో 'పీర్ సే' (సోమవారం నుంచి), 'తీన్ దిన్ సే' (మూడు రోజుల నుంచి) అంటారు, అక్కడా ఒకే 'సే'. ఇంట్లో ఏ భాష మాట్లాడేవాళ్ళైనా ఇంగ్లీష్‌లోకి వచ్చేసరికి 'సిన్స్ త్రీ డేస్' దగ్గరే కలుస్తున్నారు. ఆసుపత్రుల్లో ఓపీ చీటీల మీద కూడా 'ఫీవర్ సిన్స్ త్రీ డేస్' అని రాయడం మామూలే. చుట్టూ అదే వింటూ, అదే చదువుతూ పెరిగినవాళ్ళకి అది తప్పని అనిపించకపోవడంలో వింత లేదు.

'సిన్స్ అంటే పాయింట్ ఆఫ్ టైమ్, ఫర్ అంటే పీరియడ్ ఆఫ్ టైమ్' అని బడిలో బట్టీ పట్టే ఉంటారు. ఆ సూత్రం సరైనదే. కానీ ఎదురుగా ప్యానెల్ కూర్చుని చూస్తుంటే ఏది పాయింటో ఏది పీరియడో ఆలోచించే తీరిక ఉండదు. అందుకే నేను ఆ సూత్రం చెప్పను. తెలుగులోనే ఒక పరీక్ష ఉంది, అది చెబుతాను. 'నుంచి' తీసేసి అక్కడ 'గా' పెట్టి చూడండి. 'మూడేళ్ళ నుంచి' బదులు 'మూడేళ్ళుగా' అనొచ్చు. 'గా' కుదిరింది కాబట్టి 'ఫర్'. '2022 నుంచి' బదులు '2022గా' అనలేం, నాలుకే ఒప్పుకోదు. కుదరలేదు కాబట్టి 'సిన్స్'. 'చాలాకాలం నుంచి' అంటే 'చాలాకాలంగా', కాబట్టి 'ఫర్ ఎ లాంగ్ టైమ్'. 'చిన్నప్పటి నుంచి'ని 'చిన్నప్పటిగా' అనలేం, కాబట్టి 'సిన్స్ చైల్డ్‌హుడ్'. 'పొద్దున్నుంచి', 'నిన్నటి నుంచి', 'లాక్‌డౌన్ నుంచి', 'పెళ్ళైనప్పటి నుంచి' వీటిలో దేనికీ 'గా' అతకదు, అన్నీ 'సిన్స్' కిందికే వస్తాయి. 'గంట నుంచి' లాంటి చోట కొంచెం సందేహంగా ఉంటే 'సేపు' కలిపి చూడండి. 'గంటసేపుగా' అనొచ్చు కాబట్టి 'ఫర్ ఎన్ అవర్'.

ఈ పరీక్ష ఎంత పదునైనదో ఒకచోట బాగా తెలుస్తుంది. మీ స్నేహితురాలు ఫోన్ చేసి 'రెండు గంటల నుంచి మెట్రో స్టేషన్ దగ్గర వెయిట్ చేస్తున్నా' అందనుకోండి. ఆమె రెండింటికి వచ్చిందా, వచ్చి రెండు గంటలైందా? తెలుగు వాక్యంలో రెండు అర్థాలకీ చోటుంది. 'రెండు గంటలుగా' అని మార్చినా ఆమె ఉద్దేశం చెడకపోతే 'ఫర్ టూ అవర్స్'. చెడితే 'సిన్స్ టూ ఓక్లాక్'. ఇంగ్లీష్ ఈ రెండింటినీ విడదీయమని అడుగుతోంది, అంతే. విడదీసే సాధనం మన దగ్గర ముందునుంచీ ఉంది. పేపర్లో 'గత ఐదేళ్ళుగా' అని రోజూ చదువుతూనే ఉంటాం.

ఆ 'గత' దగ్గర కొంచెం ఆగాలి. 'గత ఐదేళ్ళుగా' అంటే 'ఫర్ ద లాస్ట్ ఫైవ్ ఇయర్స్'. దీన్ని చాలామంది 'సిన్స్ ద లాస్ట్ ఫైవ్ ఇయర్స్' అని రాస్తారు. 'లాస్ట్' అన్నాం కదా, పాతకాలం కదా, 'సిన్స్' పడుతుందని అనుకుంటారు. పడదు. కానీ 'గత వారం నుంచి' అన్నప్పుడు మీ మనసులో ఉన్నది పోయిన వారంలోని ఏదో ఒక రోజు, అప్పుడు మొదలైంది అని. అక్కడ 'సిన్స్ లాస్ట్ వీక్' సరైనది. 'గత వారం రోజులుగా' అంటే ఏడు రోజుల కొలత, అక్కడ 'ఫర్ ద లాస్ట్ వీక్'. మధ్యలో ఒక్క 'ద' చేరి అర్థం ఎంత మారిందో చూడండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇంటర్వ్యూలో మిమ్మల్ని సరిదిద్దినాయన సగమే సరిదిద్దారు. 'సిన్స్' తీసి 'ఫర్' పెట్టి, 'ఐ యామ్ వర్కింగ్ దేర్ ఫర్ త్రీ ఇయర్స్' అంటే వాక్యం బాగుపడదు. 'యామ్ వర్కింగ్' కూడా మారాలి. తెలుగులో మూడేళ్ళ కిందట మొదలై ఇప్పటికీ సాగుతున్న పనికి 'చేస్తున్నాను' అంటాం, అంటే వర్తమానమే. ఇంగ్లీష్ అలా కాదు. మొదలు గతంలో ఉండి కొస ఇప్పటిదాకా వచ్చిన పనికి 'హ్యావ్ బీన్ వర్కింగ్' లేదా 'హ్యావ్ వర్క్డ్' కావాలి. కాబట్టి మీరు అనాల్సింది 'ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ దేర్ ఫర్ త్రీ ఇయర్స్', లేదా 'ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ దేర్ సిన్స్ 2022' అని, చేరిన సంవత్సరంతో.

ఈ సగం దిద్దుబాటు అసలు తప్పుకంటే ప్రమాదమని నా అభిప్రాయం. ఆన్‌సైట్ మీద డల్లాస్ వెళ్ళిన ఒకతను అక్కడికి చేరి రెండు వారాలైంది అని చెప్పాలనుకున్నాడు అనుకుందాం. 'ఐ యామ్ హియర్ సిన్స్ టూ వీక్స్' అంటే వ్యాకరణం తప్పే, కానీ విన్నవాళ్ళకి విషయం తెలిసిపోతుంది. 'ఫర్' పెట్టాలని గుర్తొచ్చి 'ఐ యామ్ హియర్ ఫర్ టూ వీక్స్' అంటే వ్యాకరణం పూర్తిగా సరైనదే, అర్థం మాత్రం వేరు. నేను ఇక్కడ ఉండేది మొత్తం రెండు వారాలే, తర్వాత వెళ్ళిపోతాను అని క్లయింట్‌కి వినిపిస్తుంది. దాన్నిబట్టి వాళ్ళు మీటింగులు పెట్టుకుంటారు, పనులు వేరేవాళ్ళకి అప్పగిస్తారు. 'ఐ హ్యావ్ బీన్ హియర్ ఫర్ టూ వీక్స్' అని ఉంటే ఏ గొడవా లేదు. అందుకే నా విద్యార్థులకి ముందు 'హ్యావ్ బీన్' నోటికి రానివ్వండి, 'సిన్స్', 'ఫర్' తర్వాత చూద్దాం అంటాను. క్రియ కుదిరితే వాక్యం ముప్పాతిక కుదిరినట్టే.

క్రియ గురించే ఇంకో రెండు ముక్కలు. 'నో' (తెలిసి ఉండడం), 'బిలాంగ్' లాంటి మాటలకి 'ఇంగ్' పెట్టకూడదు. 'ఐ హ్యావ్ నోన్ హర్ సిన్స్ కాలేజ్' అనాలి, 'హ్యావ్ బీన్ నోయింగ్' అనకూడదు. ఒక్కసారి జరిగి అయిపోయిన పని ఏ ఏడాదిలో జరిగిందో చెప్పడానికి 'సిన్స్' పెట్టకూడదు. చేరడం ఒక్కరోజు పని, కాబట్టి 'ఐ జాయిన్డ్ ఇన్ 2022', 'ఐ జాయిన్డ్ సిన్స్ 2022' కాదు. 'ఐ వర్క్డ్ దేర్ ఫర్ త్రీ ఇయర్స్' అన్నారంటే ఇప్పుడు అక్కడ లేరని అర్థం. రెజ్యూమెలో ఇది పొరపాటున పడితే, మానేశారా అని హెచ్‌ఆర్ వాళ్ళు తప్పక అడుగుతారు.

'నుంచి' కింద 'సిన్స్', 'ఫర్'తో పాటు 'ఫ్రమ్' కూడా ఉంది. దీన్ని చాలామంది మర్చిపోతారు. 'ఐ యామ్ వర్కింగ్ ఫ్రమ్ 2022' అన్న మాట కూడా మన ఆఫీసుల్లో బాగా వినిపిస్తుంది. గతంలో మొదలై ఇప్పటిదాకా వస్తే 'సిన్స్'. రెండు కొసలూ చెప్పేస్తే 'ఫ్రమ్', 'టు'. ముందు ముందు మొదలయ్యేదైతే ఎప్పుడూ 'ఫ్రమ్'. 'రేపటి నుంచి', 'ఇకనుంచి' అన్నవాటికి 'సిన్స్' పొరపాటున కూడా రాదు. మన తార్నాకలోని ఇఫ్లూ (ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ) మీదే మూడు వాక్యాలు చెప్పుకుంటే ఇది బాగా గుర్తుంటుంది. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్‌గా మొదలైన సంస్థ అది. 1972లో విదేశీ భాషలు కూడా పేరులో చేరి సీఫెల్ (సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్) అయింది, 2007లో ఇఫ్లూ అయింది. ఇప్పుడు చూడండి: 'ఇట్ హ్యాజ్ బీన్ ఇన్ హైదరాబాద్ సిన్స్ 1958.' 'ఇట్ వజ్ కాల్డ్ సీఫెల్ ఫ్రమ్ 1972 టు 2007.' 'ఇట్ హ్యాజ్ బీన్ కాల్డ్ ఇఫ్లూ సిన్స్ 2007.' మధ్య వాక్యంలో ఆ పేరు కథ ముగిసిపోయింది, కాబట్టి 'వజ్', 'ఫ్రమ్'. మిగతా రెండూ ఇప్పటికీ నడుస్తున్నవి, కాబట్టి 'హ్యాజ్ బీన్', 'సిన్స్'.

మొజంజాహీ మార్కెట్ దగ్గర మొదలైన కరాచీ బేకరీకి చెప్పుకునే 'సిన్స్ 1953' లాంటివి కూడా పూర్తిగా సరైనవే. క్రియ దాగి ఉంది, అంతే. 'సిన్స్ 25 ఇయర్స్' అని బోర్డు రాయిస్తే మాత్రం తప్పు.

ఇంతవరకు చెప్పింది 'సిన్స్' తర్వాత ఒక తేదీ, రోజు, కాలం వచ్చినప్పటి సంగతి. దాని తర్వాత పూర్తి వాక్యం కూడా రావచ్చు. 'సిన్స్ ఐ కేమ్ టు హైదరాబాద్, ఐ హ్యావ్ లివ్డ్ ఇన్ కూకట్‌పల్లి.' మనం 'వచ్చినప్పటి నుంచి' అంటామే, అది. 'సిన్స్' ఉన్న ముక్కలో మామూలు భూతకాలం, రెండో ముక్కలో 'హ్యావ్'. మనవాళ్ళు ఎక్కువగా రెండుచోట్లా 'హ్యావ్' పెట్టి 'సిన్స్ ఐ హ్యావ్ కమ్' అంటారు. రావడం ఆ రోజుతో అయిపోయింది కాబట్టి అక్కడ 'కేమ్' చాలు.

తెలుగులో 'నుంచి' అసలే లేకుండా 'సిన్స్' వచ్చే చోటు ఒకటుంది, అది అందమైన వాడుక. 'హైదరాబాద్ వచ్చి ఎనిమిదేళ్ళయింది' అంటాం. ఇందులో 'నుంచి' ఎక్కడా లేదు. ఇంగ్లీష్‌లో 'ఇట్స్ బీన్ ఎయిట్ ఇయర్స్ సిన్స్ ఐ కేమ్ టు హైదరాబాద్.' 'వాణ్ణి చూసి చాలా రోజులైంది' అంటే 'ఇట్స్ బీన్ ఎ లాంగ్ టైమ్ సిన్స్ ఐ సా హిమ్.' మన 'వచ్చి', 'చూసి' అన్న రూపాల్లో దాగి ఉన్న అర్థాన్నే అక్కడ 'సిన్స్' మోస్తోంది. 'ఎయిట్ ఇయర్స్' అనే కొలత పక్కనే ఉంది కదా, మరి 'ఫర్' ఎందుకు కాదు అని కొందరు అడుగుతారు. 'సిన్స్' తర్వాత ఏముందో చూడండి. కొలత లేదు, వచ్చిన సంఘటన ఉంది. 'సిన్స్'కి కావాల్సింది అదే. 'ఇట్ ఈజ్ ఎయిట్ ఇయర్స్ సిన్స్' అన్నా తప్పు కాదు, బ్రిటిష్ వాడుకలో అదీ ఉంది. అమెరికన్లు ఎక్కువగా 'ఇట్స్ బీన్' అంటారు.

వాక్యం చివర 'సిన్స్' ఒంటరిగా కూడా నిలబడుతుంది. 'హి లెఫ్ట్ ఇన్ 2019 అండ్ ఐ హ్యావెంట్ సీన్ హిమ్ సిన్స్.' అంటే ఆ తర్వాత మళ్ళీ చూడలేదని. 'ఎవర్ సిన్స్' అంటే అప్పట్నుంచి ఇప్పటిదాకా, ఎడతెగకుండా అని. ఇంగ్లీష్ పేపర్లలో 'ది ఆర్డర్ హ్యాజ్ సిన్స్ బీన్ విత్‌డ్రాన్' లాంటివి కనిపిస్తాయి. ఆ ఉత్తర్వును ఆ తర్వాత వెనక్కి తీసుకున్నారని దాని అర్థం. ఇక్కడ 'సిన్స్'ని 'కాబట్టి' అనుకుని చదివితే వాక్యం తలాతోకా లేకుండా పోతుంది. 'లాంగ్ సిన్స్' అంటే ఎప్పుడో, చాలాకాలం కిందటే అని. దాన్ని తిరగేసి 'సిన్స్ లాంగ్' అంటే మనం చెప్పాలనుకునే 'చాలాకాలంగా' రాదు. దానికి 'ఫర్ ఎ లాంగ్ టైమ్' ఒక్కటే దారి.

ఇక మీరడిగిన 'కాబట్టి'. అవును, 'సిన్స్'కి ఆ అర్థం ఉంది. 'సిన్స్ ఇట్ వజ్ రెయినింగ్, వి టుక్ ద మెట్రో.' వాన పడుతోంది కాబట్టి మెట్రో ఎక్కాం. కాలం చెప్పే మాటకి కారణం చెప్పే పని ఎలా వచ్చిందంటే, పాత ఇంగ్లీష్‌లో ఈ మాట మూలరూపానికి 'ఆ తర్వాత' అని అర్థం. ఒకటి జరిగాక ఇంకొకటి జరిగితే, మొదటిది రెండోదానికి కారణం అనుకోవడం మనుషులకి సహజం. మన తెలుగులోనూ సరిగ్గా ఇదే జరిగింది. 'మూడు రోజులబట్టి జ్వరం' అని పెద్దవాళ్ళు అంటుంటారు, అక్కడ 'బట్టి' కాలం చెబుతోంది. 'దాన్నిబట్టి', 'కాబట్టి' అన్నప్పుడు అదే 'బట్టి' కారణం చెబుతోంది. ఒకే మాట రెండు పనులు ఎందుకు చేస్తుందని ఇంగ్లీష్‌ని చూసి ఆశ్చర్యపోనక్కర్లేదు.

అయితే ఈ 'సిన్స్'కి ఒక మర్యాద ఉంది. ఎదుటివాళ్ళకి ముందే తెలిసిన కారణాన్ని గుర్తుచేస్తూ అసలు విషయంలోకి వెళ్ళడానికి ఇది బాగుంటుంది, అందుకే ఎక్కువగా వాక్యం మొదట్లో వస్తుంది. ఎవరైనా 'వై' అని నేరుగా అడిగితే 'సిన్స్'తో జవాబు మొదలుపెట్టకూడదు, అక్కడ 'బికాజ్' అనాలి. 'వై ఆర్ యు లేట్?' అంటే 'బికాజ్ ఐ మిస్డ్ ద బస్' అనే చెప్పాలి. కారణానికి 'సిన్స్' వాడడమే తప్పని అనేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను, శతాబ్దాల నుంచి ఉన్న వాడుక అది. అసలు జాగ్రత్త పడాల్సింది రెండర్థాలు వచ్చే చోట. 'సిన్స్ ద టీమ్ మూవ్డ్ టు గచ్చిబౌలి, వి హ్యావ్ హ్యాడ్ ఫ్యూయర్ మీటింగ్స్' అని మెయిల్ రాస్తే, టీమ్ మారినప్పటి నుంచి మీటింగులు తగ్గాయనా, మారింది కాబట్టి తగ్గాయనా? ఇంగ్లీష్ వాక్యంలో తేలదు. తెలుగులో 'మారినప్పటి నుంచి', 'మారింది కాబట్టి' అని ఏదో ఒకటి తప్పక ఎంచుకోవాలి కాబట్టి, మెయిల్ రాసేముందు తెలుగులో అనుకుని చూడండి. 'కాబట్టి' వస్తే 'బికాజ్' రాయండి.

'సిన్స్ వెన్' విషయంలో కూడా జాగ్రత్త. జ్వరం ఎప్పట్నుంచి అని అడగడానికి 'సిన్స్ వెన్ ఫీవర్?' అంటుంటారు. ఇంగ్లీష్‌లో 'సిన్స్ వెన్' అన్న ప్రశ్నకి చాలాసార్లు నిలదీసే స్వరం ఉంటుంది, మనం 'ఎప్పట్నుంచి ఇంత పెద్దవాడివయ్యావు?' అని దెప్పిపొడిచినట్టు. పై మేనేజర్‌ని 'సిన్స్ వెన్ ఆర్ యు వర్కింగ్ హియర్?' అని అడిగితే మీ ఉద్దేశం మంచిదైనా వినడానికి మొరటుగా ఉంటుంది. 'హౌ లాంగ్ హ్యావ్ యు బీన్ వర్కింగ్ హియర్?' అనండి. మిమ్మల్నీ ఇంటర్వ్యూలో అడిగేది ఇలాగే. ఇందులో 'హ్యావ్ బీన్' వాళ్ళ నోటి నుంచే వస్తోంది కాబట్టి దాన్ని అలాగే అందుకుని జవాబు మొదలుపెట్టొచ్చు.

'సిన్స్ త్రీ ఇయర్స్' మన ఇండియన్ ఇంగ్లీష్, దాన్ని తప్పనడమెందుకు అని వాదించేవాళ్ళున్నారు. మనలో మనం మాట్లాడుకునేటప్పుడు ఎవర్నీ సరిదిద్దక్కర్లేదని నేనూ అంటాను, నలుగురిలో సరిదిద్దితే అవతలివాళ్ళ నోరు మూతపడుతుంది. మీ విషయంలో జరిగింది అదే. కానీ ఐఈఎల్‌టీఎస్ లాంటి పరీక్షల్లో దీన్ని తప్పుగానే లెక్కిస్తారు, విదేశీ క్లయింట్లతో మాట్లాడాల్సిన ఉద్యోగాల్లో ప్యానెల్ దీన్ని గమనిస్తుంది. కాబట్టి నేర్చుకోవడమే మీకు లాభం.

తర్వాతి ఇంటర్వ్యూకి ఈ రెండు వాక్యాలు మీ సొంత వివరాలతో గట్టిగా, పైకి చదివి అలవాటు చేసుకోండి: 'ఐ జాయిన్డ్ దిస్ కంపెనీ ఇన్ 2022. ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ ఇన్ ద టెస్టింగ్ టీమ్ ఎవర్ సిన్స్.' వీటిలో ఏళ్ళ కొలత లేదు కాబట్టి 'ఫర్' గొడవే రాదు. వాళ్ళు ఏళ్ళ లెక్కే అడిగితే 'ఫర్ అబౌట్ త్రీ ఇయర్స్' అని చెప్పి అక్కడితో ఆపండి. జవాబుగా ఆ ముక్క చాలు, పూర్తి వాక్యం కట్టక్కర్లేదు.